చక్రంలో ఉంచవలసిన వదులు

మా ఇంటిపేరు గలవారిలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. అది మెకానికల్ ఇంజినీరింగు పట్టా. గొప్ప కోసం ఈ మాట ముందు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే నష్టం, ఆ పట్టా మీద మా ఇంట్లో ఉన్న గౌరవం వల్లనే జరిగింది. అందుకని దానితోనే మొదలుపెట్టడం న్యాయమనిపించింది.

మా నాయన అమీర్‌పేటలో టిఫిన్లు అమ్మేవాడు. ఆయనది చేతులతో నెట్టుకుపోయే తోపుడు బండి కాదు. ఒకే ఇరుసు, రెండు చక్రాలు ఉన్న ఇనుప ట్రెయిలరు. పైన రేకు కప్పు, ఒక పక్క పైకి లేపి నిలబెట్టే తలుపు, లోపల రెండు పొయ్యిలు, దోసె పెనం, ఇడ్లీ కుక్కరు. ముందు వైపు ఒక కొక్కెం ఉంటుంది. ఎక్కడికైనా తీసుకుపోవాలంటే ఆ కొక్కేన్ని ట్రాలీ ఆటోకు తగిలించాలి. కోచింగు సంస్థలున్న ఒక గల్లీ చివర అది తొమ్మిదేళ్లు నిలిచింది. పెళ్లి భోజనాలో, నిశ్చితార్థం టిఫిన్లో ఒప్పుకున్నప్పుడు మాత్రమే కదిలేది.

పట్టా వచ్చి రెండేళ్లయినా చదివిన చదువుకు తగిన ఉద్యోగం దొరకక, నేను అదే గల్లీలో మూడో అంతస్తులో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటూ ఉండేవాణ్ణి. కిటికీలోంచి చూస్తే మా బండి కప్పు కనిపించేది. నా తోటివాళ్లు పొద్దున నాయన దగ్గరే తినేవారు. "మావోడు సుత గీ పైననే సదువుతుండు. ఇంజినీరు," అని ప్రతి కొత్త ముఖానికీ చెప్పి, అడగకుండానే ఇంకో గరిటె చట్నీ వేసేవాడు.

నిరుడు ఎండాకాలంలో ఆ గల్లీలో మురుగు కాలువ పని మొదలవుతుందనీ, బండ్లన్నీ తీసేయాలనీ, మళ్లీ అక్కడ పెట్టనివ్వరనీ చెప్పారు. నాయన పది రోజులు తిరిగి, ఎర్రమంజిల్‌లో సర్కారు క్వార్టర్ల ప్రహరీ గోడ పక్కన ఒక చోటు చూసుకున్నాడు. పక్కనే ఆఫీసులు, ఎదురుగా బస్సు స్టాపు. ఆ క్వార్టర్ల వాచ్‌మన్ మా నాయన ఊరి పక్క ఊరివాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

"సోమారం పొద్దుగాల ఏడు గొట్టేవరకు నీ బండి గీ గోడ పక్కకు నిలబడాలె. నిలబడ్డదా, జాగ నీది. లేకుంటే చెరుకు రసమాయన వారం సంది నా ఎంబడి పడ్డడు. ఆయన బండి వొచ్చి నిలబడ్డదంటే నేను సుత లేవమని అనలేను."

ఈ వ్యాపారంలో కాగితాలు ఉండవు. ఖాళీ అయిన చోటులో పొద్దున ఎవరి బండి ముందు నిలబడితే ఆ చోటు వారిది. ఆ తరువాత దాన్ని తోటి బండివాళ్లెవరూ కదిలించరు. అది భయం వల్ల పాటించే నియమం కాదు, మర్యాద. తొమ్మిదేళ్లు నాయనను ఆ గల్లీలో నిలబెట్టింది కూడా ఆ మర్యాదే. కాబట్టి సోమవారం ఉదయం ఏడు గంటలకు ఒక బండి ఒక గోడ పక్కన ఉండడం మీద మా ఇంటి జీవనం ఆధారపడింది.

ట్రెయిలరు కదిలినప్పుడు ఎడమ చక్రం నుంచి గరగరమని శబ్దం వస్తోంది. శనివారం మధ్యాహ్నం దాన్ని ఎస్.ఆర్. నగర్ వెనుక గల్లీలో ఉన్న ఒక మిస్త్రీ దగ్గరకు తీసుకుపోయాము. ఆయన నీళ్ల ట్యాంకర్లకు, ట్రెయిలర్లకు ఇరుసుల పని చేసే పెద్దమనిషి. నాయన ఆయనను భాయ్ అంటాడు. నేను చాచా అంటాను.

చాచా జాకీ పెట్టి చక్రం లేపి, మధ్యలో ఉన్న గ్రీజు మూత ఊడగొట్టాడు. లోపల ఇరుసు కొనకు ఒక నట్టు, అది తిరిగిపోకుండా అడ్డంగా గుచ్చిన పిన్ను. వాటిని తీసి లోపలి రెండు బేరింగులను కిరోసిన్‌లో కడిగి, వెలుతురుకు పెట్టి చూశాడు. వాటి ఇనుప గుళ్ల మీద పొక్కులు లేచి ఉన్నాయి. కొత్తవి తెప్పించి, అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని బేరింగును దానికేసి ఒత్తుతూ, గ్రీజు అటు వైపు నుంచి పైకి వచ్చేదాకా నింపాడు. ఈ పని జరుగుతున్నంతసేపూ నాయన నా వైపు చూస్తున్నాడు. నేను చదివింది ఇదే కదా అన్న సంతోషం ఆయన ముఖంలో కనిపించింది.

"భాయ్, మావోడు సుత గీ లైన్ల ఇంజినీరే," అన్నాడు ఆగలేక.

"అచ్ఛా! సాబ్ చేత ఎన్ని బేరింగులు నింపిచ్చిండ్రు కాలేజిల?" అని అడిగాడు చాచా, తల ఎత్తకుండానే.

ఒక్కటి కూడా లేదు. మా కళాశాల ప్రయోగశాలలో ఇటువంటి ఇరుసునే సగానికి కోసి, రంగులు వేసి, అద్దాల బీరువాలో పెట్టారు. నాలుగేళ్లలో ఆ బీరువా తాళం తీయగా నేను చూడలేదు. దాని బొమ్మను మాత్రం పరీక్షలో కళ్లు మూసుకుని గీయగలిగేవాణ్ణి. "థియరీ ఎక్కువ ఉండేది, చాచా," అన్నాను.

"ఫికర్ లేదు. నాకు థియరీ లేదు, నీకు గ్రీజు లేదు. ఇద్దరం కలిస్తె ఒక మిస్త్రీ అయితం," అని నవ్వాడు. నాయన కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

చక్రం ఎక్కించాక చాచా ఒక చేత్తో దాన్ని తిప్పుతూ, మరో చేత్తో పానా పట్టి నట్టు బిగించాడు. చక్రం తిరగడం బరువెక్కగానే ఆపి, నట్టును వెనక్కి కొంచెం వదులు చేసి, పిన్ను గుచ్చాడు. తరువాత టైరును పైనా కిందా పట్టుకుని కుదిపాడు. అది వెంట్రుకవాసి కదిలింది.

"గింత ఆడాలె," అన్నాడు నాయనతో. "గీ ఆట ఉంటెనే బేరింగు బతుకుతది. బండి ఆపినప్పుడల్ల గీడ మూత మీద చెయ్యి పెట్టి చూడన్నా. గోరువెచ్చగ ఉంటె మంచిది. చెయ్యి పెట్టలేనంత కాలిందా, ఎక్కడున్నవో అక్కడనే ఆపి నాకు ఫోన్ కొట్టు."

ఆ సాయంత్రం ట్రెయిలరును మా అద్దె ఇంటి ముందు నిలిపాము. నేను వంగి ఎడమ టైరును పట్టుకుని కుదిపాను. అది కదిలింది. మళ్లీ కుదిపాను. మళ్లీ కదిలింది. కదిలే చక్రం నాకు నచ్చలేదు. శంకు ఆకారపు గుళ్లుండే ఇటువంటి బేరింగులకు ముందే కొంత ఒత్తిడి ఇచ్చి బిగించాలని పుస్తకంలో చదివాను. దాన్ని ప్రీలోడ్ అంటారు. ఆ ప్రశ్నకు పరీక్షలో నాకు పూర్తి మార్కులు వచ్చాయి. ఆ ఒత్తిడి ఏ యంత్రంలో ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో, ఏ చక్రానికి ఇవ్వకూడదో ఆ ప్రశ్నలో అడగలేదు.

"నాయినా, ఇది వదులుగా ఉంది. బిగించాలి," అన్నాను.

నాయన కొంచెం తటపటాయించాడు. "భాయ్ గింత ఆడాలన్నడు గద బిడ్డా?"

"వాళ్లు అలవాటు కొద్దీ చేస్తారు. వదులుగా ఉంటే రోడ్డు మీద చక్రం ఊడవచ్చు. దీనికి ప్రీలోడ్ ఇవ్వాలి."

ఆ మాట ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాని మాట నా నోటి నుంచి రావడమే ఆయనకు చాలింది. "నువ్వు సదువుకున్నోనివి. నీకే ఎరుక," అని లోపలికి వెళ్లి పానా తెచ్చి ఇచ్చాడు. చక్రం మూత, పిన్ను తీశాను. పానా పిడి పొట్టిది. పట్టు చాలక నేను ఒక ఇనుప గొట్టాన్ని పిడికి తొడిగి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించాను. పిన్ను పట్టే రంధ్రం కోసం ఇంకొంచెం తిప్పాను. కుదిపి చూస్తే చక్రం రాయిలా ఉంది. చాలా తృప్తి పడ్డాను.

ఆదివారం మియాపూర్‌లో ఒక నిశ్చితార్థానికి టిఫిన్లు ఒప్పుకుని ఉన్నాము. ట్రాలీ ఆటో వెనుక అంత దూరం పోయి, మధ్యాహ్నం తిరిగి వచ్చాము. ఇంటి ముందు ఆగగానే నాయన చాచా చెప్పినట్టు వంగి మూత మీద చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"కాలుతుంది రా."

నేను వెళ్లి చూశాను. రిమ్ము మీద గ్రీజు కరిగి చారలుగా కారి ఉంది. "ఎండకు తారు రోడ్డే కరుగుతోంది, నాయినా. ఇనుము కాలకుండా ఉంటుందా?" అన్నాను. కుడి చక్రం మూత మీద కూడా చెయ్యి పెట్టి చూసి ఉంటే సరిపోయేది. అదే ఎండలో అదే రోడ్డు మీద నడిచిన చక్రమే అది కూడా. నాకు ఆ ఆలోచన రాలేదు. గ్రీజు ఎక్కువైందని చెప్పి, గుడ్డతో శుభ్రంగా తుడిచాను. నాయన తన వేళ్లను చూసుకుంటూ లోపలికి పోయాడు. చాచాకు ఫోన్ చేయలేదు. ఇంట్లో ఇంజినీరు ఉండగా మిస్త్రీకి ఫోన్ చేయడం నన్ను చిన్నబుచ్చడమవుతుందని అనుకుని ఉంటాడు.

సోమవారం ఆరు గంటలకు బయలుదేరాము. లోపల మూడు డేగిసాల నిండా పిండి. ఒక గిన్నెలో అమ్మ ఇంట్లోనే వండి పెట్టిన ఇడ్లీలు. నాయన కొత్త చొక్కా తొడుక్కున్నాడు. మేమిద్దరం ట్రాలీ ఆటో వెనుక భాగంలో, ట్రెయిలరుకు ఎదురుగా కూర్చున్నాము. అమీర్‌పేట దాటేదాకా ఏ శబ్దమూ లేదు. ఆ తరువాత సన్నని కీచు మొదలైంది. పంజాగుట్ట చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి అది ఇనుమును ఇనుముతో గీరినట్టు అయింది. ఎడమ చక్రం మధ్య నుంచి పొగ లేచింది. ట్రెయిలరు ఒక పక్కకు ఒరిగి, చక్రం తిరగడం మానేసి, రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చింది. డ్రైవరు ఆపాడు.

తరువాతి మెట్రో స్టేషనే ఎర్రమంజిల్. నడిస్తే కాసేపటి దూరం. సమయం ఆరున్నర కాలేదు.

ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చాడు. "ఏందన్నా, జాగ దొరకలేదని చౌరస్తల హోటలు తెరిచినవా? తియ్యి, తియ్యి."

"చక్రం పట్టేసింది సార్," అన్నాడు నాయన.

"ఇంకో గంటల ఆఫీసోళ్లు మొదలైతరు. అప్పుడు నన్ను పట్టేస్తరు. పక్కకన్న గుంజుండ్రి."

నలుగురం కలిసి ఎత్తీ, తోసీ మెట్రో స్తంభం పక్కకు చేర్చాము. అంతలోనే ఒక సెక్యూరిటీ గార్డు సైకిలు ఆపి, "ఇడ్లీ రెడీనా?" అని అడిగాడు. నాయన అలవాటుగా తల ఊపి, మళ్లీ అడ్డంగా ఊపాడు.

నేను చాచాకు ఫోన్ చేశాను. నాయన వాచ్‌మన్‌కు చేశాడు. ఆ గొంతు నాకూ వినిపించింది. "నేనాగుతనే. చెరుకు రసమాయన ఆగాలె గద! జల్ది రా."

చాచా స్కూటరు మీద వచ్చేసరికి ఏడుకు పది నిమిషాలు. ఏమీ అడగకుండా కూర్చుని మూత తీశాడు. గ్రీజు ఉండవలసిన చోట నల్లని పొడి ఉంది. నట్టు మీద పానా వేసి లాగాడు, రాలేదు. సుత్తితో కొట్టి లాగితే వచ్చింది. బయటి బేరింగు గుళ్లు నీలం తిరిగి ఉన్నాయి. లోపలి బేరింగు ఇరుసుకు కరిగి అతుక్కుపోయింది. ఆయన ఆ నట్టును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎవరు బిగిచ్చిండ్రు దీన్ని?"

నాయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చెప్పవలసింది నేను గనుక నా కోసం ఆగాడు, అంతే. నాకు కావలసినంత సమయం దొరికింది. పక్క నుంచి ఒక బస్సు పూర్తిగా వెళ్లిపోయింది. నా గొంతు దగ్గర మాట తయారుగానే ఉంది. డ్రైవరు చూస్తున్నాడు, కానిస్టేబులు చూస్తున్నాడు, నన్ను సాబ్ అని పిలిచిన మనిషి చూస్తున్నాడు. నేను చెప్పలేదు.

"నేనే భాయ్," అన్నాడు నాయన. "ఊగుతుందని భయమై బిగిచ్చిన."

చాచా లేచి నిలబడ్డాడు. "చెప్పిన్నా లేదా అన్నా నీకు? చెవుల్ల ఇడ్లీ పిండి పోసుకున్నవా? తొమ్మిదేండ్ల సంది పెనం మీద దోసె ఎప్పుడు తిప్పాల్నో నేను నీకు చెప్పిన్నా? మరి నా పని నువ్వెందుకు చేసినవ్? ఇంట్ల ఇంజినీరు సాబ్ ఉన్నడు గద, ఆయననన్న ఒక మాట అడగాల్సింది!"

నాయన తల వంచుకుని, "తప్పయింది భాయ్," అన్నాడు. కానిస్టేబులు నవ్వాడు. నేను రోడ్డు వైపు తిరిగి, వచ్చే వాహనాలకు పక్కగా పొమ్మని చెయ్యి ఊపడం మొదలుపెట్టాను. అక్కడ ఆ పని చేయడానికి కానిస్టేబులు ఉన్నాడు. అయినా ఊపాను.

"మెల్లగ గుంజుకపోతే రాదా భాయ్? గదే స్టేషన్, కనబడుతుంది," అన్నాడు నాయన.

"చక్రం ఊడి ఎవడి మీదనన్న పడితే నువ్వు జైల్ల టిఫిన్లు చేస్తవు. ఇది కోసి తీయాలె. గ్రైండరు కావాలె, కరెంటు కావాలె. మధ్యాహ్నమైతది."

నాయన గడియారం చూసుకున్నాడు. ఇడ్లీల గిన్నె, మడత బల్ల తీసుకుని, "నేను పోయి జాగల నిలబడ్త. నువ్వు బండి కాడ ఉండు," అన్నాడు. బల్ల నేను తెస్తానన్నాను. వద్దన్నాడు. గిన్నె నెత్తి మీద, బల్ల చంకలో పెట్టుకుని, కొత్త చొక్కా వీపు అప్పుడే తడిసి అంటుకుపోగా, ఆయన మెట్రో స్తంభాల వెంబడి నడిచిపోవడం చూస్తూ నిలబడ్డాను. ఆటో మాట్లాడవచ్చునని ఆయన కనుమరుగైన తరువాత తోచింది.

తొమ్మిదింటికి తిరిగి వచ్చాడు. గిన్నె ఖాళీ. ఇడ్లీలు అన్నీ అమ్ముడుపోయాయట. ఆ చోటు మంచిదే అన్నమాట.

"ఏమైంది, నాయినా?"

"బల్ల ఏసుకోని నిలబడ్డ. వాచ్‌మన్ మంచిగనే చెప్పిండు, బల్ల బండి కాదన్నా అని. నిజమే గద! చెరుకు రసమాయన ఏడున్నర దాక బండి అవుతల పక్కకు పెట్టుకోని ఆగిండు పాపం. పెద్దమనిషివి నువ్వే చెప్పన్నా, పెట్టుకోమంటే పెట్టుకుంట అన్నడు. నేనేమంట?" అని ఆగి, "నాకో గిలాస రసం సుత ఇచ్చిండు. మంచోడే," అన్నాడు.

మధ్యాహ్నానికి ట్రెయిలరును ఒక లారీ మీదికి ఎక్కించి చాచా గల్లీకి చేర్చాము. పిండి పులిసిపోయింది.

నాయన ఇంకా రెండు చోట్ల ప్రయత్నించాడు. రెండు చోట్లా అప్పటికే బండ్లున్నాయి. ఇప్పుడు ఆయన ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టల్ వంటగదిలో పని చేస్తున్నాడు. అక్కడ పొద్దున ఏం వండాలో ముందురోజే గోడ మీద రాసి పెడతారు. ఇడ్లీలో ఉప్పు ఎంత వేయాలో మేనేజరు చెబుతాడు. నాయన సరేనంటాడు.

వారం తరువాత నేను ఒక్కణ్ణే చాచా దగ్గరకు పోయి, నట్టు బిగించింది నేనని చెప్పాను. ఆ వాక్యం ఇంటి దగ్గరే తయారు చేసుకుని, రెండుసార్లు లోపల చదువుకుని పోయాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఎరుకే," అన్నాడు. "ఉత్త పానతోని అంత బిగుసుకోదు. గొట్టం ఏసి బిగిచ్చిన నట్టు అది. మీ నాయిన అసొంటి పని చెయ్యడు. చెప్పింది చెప్పినట్టు ఇనే మనిషి."

"మరి ఆ రోజు అందరి ముందు ఆయనను ఎందుకు అన్నారు, చాచా?"

"తప్పు ఆయననే మీదేసుకున్నడు గద సాబ్! నేను నిన్నంటే ఆయన ఇజ్జత్ పోతది. ఆయననంటే ఏం పోలేదు."

నాయనతో మాత్రం ఇంతవరకు ఆ సంగతి ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే, మావోడు ఇంజినీరు అనే చెబుతాడు.

ట్రెయిలరుకు ఇరుసు బాగైంది. ఎడమ చక్రం వెంట్రుకవాసి ఊగుతుంది. దాన్ని నిలబెట్టడానికి మాత్రం ఊళ్లో మాకు చోటు లేదు. చాచా గల్లీ గోడకు ఆనించి పెట్టాము. ఊరికే నిలబెడితే బేరింగు గుళ్లు ఒకే చోట ఆని, తేమకు తుప్పు పట్టి పాడవుతాయనీ, పదిహేను రోజులకొకసారి అయినా కదపాలనీ చాచా చెప్పాడు. అందుకని నేను ఆదివారాలు పోతున్నాను. చక్రాల కింది రాళ్లు తీసి, కొక్కెం పట్టుకుని గల్లీ మలుపు దాకా లాగుతాను. అక్కడ తోపుడు బండ్లు నిలబడి ఉంటాయి. ముందుకు దారి ఉండదు. మళ్లీ వెనక్కి తోసి, గోడకు ఆనించి, రాళ్లు పెట్టి వస్తాను. రమ్మని నాయనను రెండుసార్లు అడిగాను. హాస్టల్లో ఆదివారం పూరీలు ఉంటాయి, తీరిక ఉండదన్నాడు.